ఆ రోజు బాబాయి సంచిలో ఏముంది

బాబాయి పెదకర్మ భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న ఒకాయన పప్పు కలుపుకుంటూ ఎదుటివాడితో అన్నాడు. "మంచి పనోడండీ. చివర్లోనే మతి తప్పింది పాపం. పురుగును తీయమని పిలిస్తే పువ్వును తీసుకొచ్చాడంట."

ఎదుటివాడు నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు. చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడుకునేటప్పుడు తేలిక కోసం నవ్వే నవ్వు. "వాళ్ళన్నక్కూడా అదే జబ్బంటగా," అన్నాడు.

ఇద్దరూ మా ఫొటోల వృత్తిలో వాళ్ళే. ఒకాయనది చిలకలూరిపేట, ఇంకొకాయనది సత్తెనపల్లి. నా వైపు తిరిగి, "నువ్వు దగ్గరుండి చూసినోడివి కదా, నిజమేనా?" అని అడిగారు.

"వయసు కదండీ," అన్నాను. అని, మజ్జిగ పోయించుకుని లేచాను.

ఆ మాట అబద్ధం. నాలుగేళ్ళుగా నేను రకరకాలుగా చెబుతూ వచ్చిన అబద్ధమే అది. దాన్ని సరిచేయడానికి ఇది రాస్తున్నాను. మూడుసార్లు కూర్చుని లేచాను. ఇది చదివాక మా ఊళ్ళో ఎవరెవరు నా షాపు మెట్లు ఎక్కుతారో, ఎవరు ఎక్కరో తెలియదు. అయినా రాయాలి.

ఆయనను నేను బాబాయి అని పిలిచేవాణ్ణి. చుట్టరికం లేదు. నరసరావుపేటలో ఆయన స్టూడియోలో పనికి చేరినప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. మొదటి రోజు 'సార్' అంటే, "సార్ ఏంట్రా, నేనేమన్నా బళ్ళో లెక్కలు చెబుతున్నానా?" అన్నాడు. అప్పటినుంచి బాబాయి. ఆయన భార్య పిన్ని అయింది. ఆయన పేరు ఇక్కడ రాయను. తెలిసినవాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది.

బాబాయి సంగతి చెప్పాలంటే ఆయన సంచి సంగతి చెప్పాలి. బయటి పని ఏదైనా ఉంటే, ముందురోజు సాయంత్రం కౌంటరు మీద తువ్వాలు పరిచేవాడు. స్టూడియోలో ఉన్న సామానంతా దానిమీద పెట్టేవాడు. రెండు కెమెరాలు, అయిదారు లెన్సులు, ఫ్లాషు, బ్యాటరీలు, కార్డులు, బ్రష్షు, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి. మిగతా ఫొటోగ్రాఫర్లు ఏం తీసుకెళ్దామా అని ఆలోచిస్తే, ఈయన ఏం వదిలేద్దామా అని ఆలోచించేవాడు. ఒక్కొక్కటే ఎత్తి చూసి, "ఇది రాదు," అని వెనక షెల్ఫులోకి తోసేవాడు. "ఇది రాదు. ఇదీ రాదు." చివరికి తువ్వాలు మీద మిగిలిందే సంచిలోకి వెళ్ళేది. సంచి జిప్పు వేశాక చూపుడువేలు ఒక్కదానితో పట్టీ పట్టుకుని పైకి ఎత్తేవాడు. రెండు క్షణాలు కళ్ళు మూసుకునేవాడు. "సరిపోయింది," అనేవాడు. ఒక్కోసారి, "ఏదో ఎక్కువైందిరా," అని మళ్ళీ విప్పేవాడు. విప్పితే నిజంగానే ఒక బ్యాటరీ ఎక్కువ ఉండేది. వాళ్ళ నాన్న గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేశాడు. టిక్కీ బస్తా మీద చెయ్యి వేసి ఎన్ని కిలోలో చెప్పేవాడట. ఆ చెయ్యి కొడుక్కు వచ్చింది.

కొత్తగా కెమెరా కొన్నవాళ్ళు స్టూడియోకి వచ్చి, "ఏ లెన్సు తీసుకెళ్ళాలండీ?" అని అడిగేవాళ్ళు. వాళ్ళు వెలుతురు గురించి, దూరం గురించి చెబుతాడని ఎదురుచూసేవాళ్ళు. బాబాయి అడిగేది ఒకటే ప్రశ్న.

"అక్కడేం దుమ్ము?"

మన నేలలో అదే ముందు అడగాలని ఆయన అనేవాడు. మిరప కళ్ళంలోకి వెళ్ళేవాడు ఒకే కెమెరా, ఒకే లెన్సు తీసుకెళ్ళాలి. వెడల్పుగా పట్టేది. అక్కడ లెన్సు మార్చకూడదు. విప్పితే లోపలికి వెళ్ళే ఎర్ర పొడి ఏ బ్రష్షుకూ రాదు. ఇంకో నియమం ఉండేది. కెమెరాలో కన్ను పెట్టి చూసేచోట ఉండే రబ్బరును మిరప పనికి విడిగా ఉంచేవాడు. దానిమీద ఎర్ర పెయింటుతో ఒక చుక్క పెట్టాడు. నేను మొదటిసారి కళ్ళానికి వెళ్ళినప్పుడు ఆ చుక్క ఏమిటో తెలియక, తర్వాతి పెళ్ళికి అదే రబ్బరు తగిలించుకుని వెళ్ళాను. జీలకర్ర బెల్లం టైముకి నా కుడికన్ను మంటెత్తి ధారగా కారుతోంది. పెళ్ళికూతురు తల్లి నన్ను చూసి, "ఫొటోగ్రాఫరబ్బాయి కూడా ఏడుస్తున్నాడే," అని కొంగు కళ్ళకద్దుకుంది. బాబాయి పక్కనుంచి మెల్లగా అన్నాడు. "ఎడం కన్నుతో తీయరా. ఏడుపు కుడికంటికి వదిలెయ్."

పత్తి చేనుకు గుడ్డసంచి పనికిరాదు. నూగు మొత్తం అంటుకుని, లెన్సు మూత తీసినప్పుడల్లా ఎగురుతుంది. దానికి నున్నటి రెక్సిను సంచి. అందులో పొడుగు లెన్సు ఒక్కటే. "మనం దగ్గరికి పోతే ఏరేవాళ్ళు పని ఆపుతారు. కొంగులు సర్దుకుంటారు. మేస్త్రీ వాళ్ళమీద అరుస్తాడు. మన ఫొటో కోసం వాళ్ళు తిట్లు తినడం దేనికి? గట్టుమీద నిలబడి తీయ్," అనేవాడు.

పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గరికి వెళ్ళేటప్పుడు తడిగుడ్డ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అక్కడ లెన్సుమీద పడిన పొడిని నోటితో ఊదానని నన్ను కొట్టినంత పని చేశాడు. "నోటి తడి తగిలిందంటే సున్నం పట్టుకుంటుందిరా. గోడకి వేసుకునేదాన్ని గాజుకి వేస్తావా?" అని రబ్బరు బుడ్డి చేతిలో పెట్టాడు. పెళ్ళికి మాత్రం ఏదీ వదిలేవాడు కాదు. అన్నీ రెండేసి ఉండాలి. "కళ్ళం రేపు కూడా ఉంటుంది. చేను ఎల్లుండి కూడా ఉంటుంది. తాళి రెండోసారి కట్టరు," అనేవాడు.

ఇరవై ఏళ్ళలో ఆయన సంచిలో ఒక వస్తువు తక్కువైందని నేను ఎరగను. ఈ వాక్యం చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి.

బాబాయికి ఒక్కటే భయం ఉండేది. ఆయన అన్నకు అరవై దాటాక మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట తాళంచెవులు, తర్వాత మనుషుల పేర్లు, తర్వాత దారి. మూడు నాలుగుసార్లు వినుకొండ బస్సు ఎక్కి కూర్చుంటే కండక్టర్లు దింపి ఫోను చేశారు. బాబాయి స్కూటరు మీద వెళ్ళి తీసుకొచ్చేవాడు. వెనక సీటు మీద ఆ పెద్దాయన తమ్ముడి నడుం పట్టుకుని, "మీరెవరో గానీ మంచివారు బాబూ," అనేవాడట. ఆ సంగతి బాబాయి నాకు ఒక్కసారే చెప్పాడు. చెప్పి, తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

నాలుగేళ్ళ కిందట, మిరప పూతలో నల్ల తామర పురుగు దిగిన ఏడాది. వినుకొండ అవతల ఒక ఊరి రైతులు బాబాయికి ఫోను చేశారు. అధికారులకు అర్జీ ఇవ్వాలి, దానికి పురుగు ఫొటోలు జతచేయాలి. వాళ్ళ ఫోన్లలో తీస్తే పువ్వులో నల్ల చుక్కలు తప్ప ఏమీ రావడంలేదు. ఆ పురుగు నువ్వుగింజలో పావు వంతు ఉంటుంది. దాని కాళ్ళూ రెక్కలూ కనిపించాలంటే దగ్గరి వస్తువును పెద్దదిగా పట్టే మాక్రో లెన్సు కావాలి. స్టూడియోలో అది ఒక్కటే ఉంది.

శనివారం సాయంత్రం బాబాయి తువ్వాలు పరిచాడు. ఒక కెమెరా, మాక్రో లెన్సు, చిన్న ఫ్లాషు, ఎర్రచుక్క రబ్బరు. మిగతావన్నీ 'రాదు, రాదు' అని షెల్ఫులోకి పోయాయి. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. నా ప్రాణం ఆ లెన్సు మీదే ఉంది.

ఎందుకంటే మర్నాడు ఆదివారం గుంటూరు నుంచి కొందరు సరదా ఫొటోగ్రాఫర్లు కొండవీడు కొండకు వస్తున్నారు. సాలెగూళ్ళూ తూనీగలూ తీయడానికి. డాక్టర్లు, కంప్యూటరు ఉద్యోగాలవాళ్ళు. ఒక్కొక్కరి భుజాన మా స్టూడియో మొత్తం వేలాడుతూ ఉంటుంది. నన్ను కూడా రమ్మన్నారు. వారం రోజులుగా నాకు నిద్ర సరిగా లేదు. పెళ్ళిళ్ళు తీసే లెన్సు పట్టుకుని వాళ్ళ మధ్య నిలబడి తూనీగను ఎలా తీస్తాను? ఒకడు అడుగుతాడు, 'మీ మాక్రో ఏదండీ?' అని. ఆ ప్రశ్న ఊహించుకుంటేనే చెవులు వేడెక్కేవి. నలభై ఏడేళ్ళ మనిషిని. దీనికి ఇంత బెంగ ఏమిటని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అది చాలా పెద్ద విషయం.

బాబాయిని అడిగాను. "బాబాయ్, రేపు మాక్రో నేను తీసుకెళ్ళొచ్చా? మీరు ఆ పొలం పని సోమవారం చూసుకుంటే..."

"సోమవారానికి పూత రాలిపోతుందిరా. తూనీగలు నీకోసం ఆగుతాయిలే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఆదివారం పొద్దున నేను ముందుగా వెళ్ళి షాపు తెరిచాను. సంచి కౌంటరు మీదే ఉంది. జిప్పు తీశాను. మాక్రో లెన్సును దాని తోలు పౌచులోంచి తీసి నా సంచిలో వేసుకున్నాను. ఖాళీ పౌచుతో సంచి తేలికైపోతుంది. ఆయన వేలికి తెలిసిపోతుంది. షెల్ఫులో ఎప్పటిదో పాత లెన్సు ఒకటి ఉంది. దూరంగా ఉన్నవి తీసేది, ఇత్తడి చెంబులా బరువుగా ఉండేది. రెండు చేతుల్లో రెండు లెన్సులు పట్టుకుని తూచి చూశాను. ఇంచుమించు సమానం. పాతదాన్ని పౌచులో పెట్టి బొత్తం వేశాను.

ఇది నేను ఎవరికీ ఇంతవరకు చెప్పలేదు. తొందరలో తీసుకెళ్ళానని చెబితే అది ఒక తప్పు అవుతుంది. కానీ నేను బరువు సరిపెట్టాను. ఇరవై ఏళ్ళు పక్కనుండి నేర్చుకున్న ఆయన విద్యతోనే ఆయనను మోసం చేశాను.

బాబాయి వచ్చాడు. టీ తాగాడు. సంచిని వేలితో ఎత్తి కళ్ళు మూసుకున్నాడు. ఆ రెండు క్షణాలు నేను కాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను.

"సరిపోయింది," అన్నాడు. బస్సుకు వెళ్ళిపోయాడు.

కొండవీడులో మంచు ఇంకా విడలేదు. సాలెగూడు మీద నీటి బొట్లు. మోకాళ్ళమీద కూర్చుని మాక్రో బిగించి చూస్తున్నాను. పక్కనున్న డాక్టరుగారు, "మంచి లెన్సండీ మీది," అన్నారు. అదే సమయానికి జేబులో ఫోను కదిలింది. తీసి చూస్తే 'బాబాయి'. ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి కూడా వచ్చింది. ఎత్తితే ఏం చెప్పాలి? అక్కడ, ఎండపడుతున్న మిరప చేలో, రైతుల మధ్య నిలబడి పౌచు విప్పిన మనిషి మొహం నాకు కనిపిస్తూనే ఉంది. ఫోను సైలెంటులో పెట్టాను. ఆ రోజు తీసిన ఫొటోలు ఎవరికీ చూపించలేదు. బాబాయి చూస్తే ఏ లెన్సుతో తీశానో ఒక్క చూపులో చెప్పేస్తాడు. మొత్తం చెరిపేశాను.

మధ్యాహ్నానికే షాపుకు వచ్చి, మాక్రోను షెల్ఫులో పాత లెన్సు ఉండే చోట పెట్టాను.

సాయంత్రం బాబాయి వచ్చి సరాసరి షెల్ఫు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఉన్నదాన్ని చూశాడు. తన సంచిలో ఉన్నదాన్ని చూశాడు. రెండూ పక్కపక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. తామర పురుగు కోసం వెళ్ళి, నాలుగడుగుల దూరం నుంచి తప్ప పనిచేయని లెన్సుతో పువ్వులు తీసుకుని వచ్చాడు. అర్జీకి పెద్ద నష్టం రాలేదు, రెండు రోజుల్లో వేరే ఎవరో వెళ్ళి మిగిలిన పూతలో తీసిచ్చారు. కానీ అక్కడి రైతొకడు అన్న మాట బస్సులెక్కి మా వాళ్ళందరికీ చేరింది. పురుగును తీయమంటే పువ్వును తీసుకొచ్చాడని.

"ఒరేయ్," అన్నాడు బాబాయి. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నువ్వేమన్నా తీశావా దీన్ని? పొద్దున షాపు తెరిచింది నువ్వేగా?"

"లేదు బాబాయ్."

"బాగా గుర్తుచేసుకో."

"నేను ముట్టుకోలేదు. మీరే ఒకదానికి ఒకటి పెట్టుంటారు."

ఆయన నన్ను చూశాడు. అనుమానంగా కాదు. దారి అడిగిన మనిషి సమాధానం విన్నట్టు చూశాడు. "నేనేనా," అన్నాడు. "నేను పెట్టినట్టు గుర్తుందిరా. పౌచు బొత్తం వేసినట్టు కూడా గుర్తుంది. అంటే అది నిన్నటి గుర్తు కాదేమో. ఇంకెప్పటిదో అయ్యుంటుంది."

ఆయన జ్ఞాపకం సరైనదే. దాన్ని నా కళ్ళముందే పక్కకు తోసేశాడు. అప్పుడు నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. బయట రోడ్డుమీద సోడాబండి వాడు గోళీ కొట్టిన చప్పుడు విన్నాను, ఏదో సంబంధం లేనిది గుర్తుండిపోతుంది. నోరు తెరవలేదు.

తర్వాతి పనికి బాబాయి సంచిలో చీటీ కనిపించింది. తీసుకెళ్ళే వస్తువుల పేర్లు వరసగా రాసి, పక్కన టిక్కులు పెట్టి ఉన్నాయి. నెల తిరిగేసరికి చీటీకి నకలు వచ్చింది. ఒకటి సంచిలో, ఒకటి చొక్కా జేబులో. బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి జిప్పు తీసి చూసుకునేవాడు. వేలితో ఎత్తి చూడటం మానేశాడు. "నా చెయ్యి నమ్మడానికి లేదురా," అన్నాడు.

తర్వాత ఇంకోటి మొదలైంది. తువ్వాలు మీద నుంచి ఏదీ షెల్ఫులోకి పోవడం లేదు. 'రాదు' అనే మాట ఆగిపోయింది. "ఏమో, ఉండనీ, ఏది మర్చిపోతానో," అని అన్నీ సంచిలోకే. పత్తి చేనుకు కూడా ఫ్లాషు. కళ్ళానికి నాలుగు లెన్సులు. ఒక సంచి రెండయ్యాయి. అరవై రెండేళ్ళ మనిషి రెండు భుజాలకూ సంచులు తగిలించుకుని, ఒగరుస్తూ, వంగి నడిచేవాడు. బజారులో ఎవరో, "ఏంటన్నాయ్, కాపరం మారుస్తున్నావా?" అని అడిగితే నవ్వాడు. నేను వెనకాల నడుస్తున్నాను. "ఒక సంచి ఇవ్వండి బాబాయ్," అన్నాను. ఇచ్చాడు. ఆ బరువు మోస్తూ కూడా చెప్పలేదు.

రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. రేపటికి ఒక టిక్కు ఎక్కువయ్యేది. చెప్పాల్సింది పెరుగుతూ పోయింది. మొదట లెన్సు ఒక్కటే. తర్వాత లెన్సూ, ఆ రోజు ఎత్తని ఫోనూ. తర్వాత లెన్సూ ఫోనూ చీటీలూ. కొన్నాళ్ళకు అదంతా నా ఒక్క నోటితో చెప్పగలిగేంతలో లేదు.

ఆరు నెలల తర్వాత సత్తెనపల్లిలో పెళ్ళి. ముహూర్తం పొద్దున పదకొండు దాటాక. బాబాయి వరుడి వైపు, నేను వధువు వైపు. బాజాలు గట్టిగా మొదలయ్యాయి, పంతులుగారు తాళి అందరికీ చూపించి ఇచ్చారు. నేను కెమెరా ఎత్తి చూస్తే ఎదురుగా బాబాయి లేడు. పక్కకు చూశాను. మండపం మెట్ల దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, రెండు సంచులూ విప్పి, చీటీ చేత్తో పట్టుకుని వస్తువులు చూసుకుంటున్నాడు. రెండో కార్డు పెట్టానా లేదా అని సందేహం వచ్చిందట. కార్డు కెమెరాలోనే ఉంది. పైన మూడు ముళ్ళూ పడిపోయాయి. అక్షింతలు ఆయన వీపు మీద కూడా పడ్డాయి.

నా వైపు నుంచి నేను తీశాను కాబట్టి పెళ్ళివారికి ఏమీ తెలియలేదు. సామాను సర్దుతున్నప్పుడు బాబాయి నా పక్కన కూర్చున్నాడు.

"మా అన్న జబ్బు నాకు వచ్చిందిరా."

"అలా ఏం కాదు బాబాయ్."

"మొన్న పురుగు ఫొటోల రోజే మొదలైంది. నాకు తెలుసు."

ఆ రోజు అని తనే అన్నాడు. తలుపు తనే తెరిచాడు. నేను చేయాల్సింది ఒక్క అడుగు. నేను అన్నది ఇది: "వయసు కదా బాబాయ్. అందరికీ ఉండేదే."

మర్నాడు స్టూడియో తాళాలు నా చేతిలో పెట్టాడు. "నువ్వు చూసుకో. ఏదైనా మర్చిపోయి ఎవరి పెళ్ళయినా చెడగొడితే ఆ ఉసురు నాకొద్దు," అన్నాడు. తీసుకున్నాను. ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

మూడున్నరేళ్ళు ఆయన ఇంటిపట్టునే ఉన్నాడు. పండగలకు వెళ్ళి చూసేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళ కిందటి పెళ్ళిలో ఏ లెన్సు వాడామో, దాచేపల్లి దగ్గర ఏ బట్టీవాడు నాకు మంచినీళ్ళిచ్చాడో, నా కూతురు పుట్టినరోజు తేదీ, అన్నీ చెప్పేవాడు. ఒక్కటీ తప్పేది కాదు. చెప్పాక పిన్ని వైపు చూసి, "కరెక్టేనా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న వినలేక నేను వెళ్ళడం తగ్గించాను. గత నెలలో గుండెపోటు వచ్చి, మంచంమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

పెదకర్మ అయిన వారానికి పిన్ని దగ్గరికి వెళ్ళాను. పొద్దున పది గంటలు. గుమ్మం బయటే అయిదు నిమిషాలు చెప్పులు విప్పుతూ నిలబడ్డాను. ఆవిడ వసారాలో చాపమీద కూర్చుని ఉంది. పక్కన బాబాయి చొక్కాల దొంతర, ఒళ్ళో ఒక చొక్కా, చేతిలో బ్లేడు.

"రా. ఇవి ఎవరికన్నా ఇచ్చేద్దామని తీశాను," అంది.

కూర్చోకుండానే చెప్పాను. లెన్సు, పౌచు, బరువు, మూడు ఫోన్లు, నేను ఆయనతో అన్న మాట. మధ్యలో ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని. ఆవిడ చేతిలో బ్లేడు కదలడం ఆగింది.

"గుంటూరు తీసుకెళ్ళి స్కానింగు తీయించాను," అంది. "డాక్టరు ఏమీ లేదన్నాడు. మతి బ్రహ్మాండంగా ఉందన్నాడు. బయటికొచ్చాక ఈయనేమన్నాడో తెలుసా? ఆ డాక్టరుకి లెన్సు సంగతి తెలీదు కదే, అన్నాడు."

నేను తల దించుకున్నాను.

"గ్యాసు పొయ్యి దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు. వీధి గేటుకి తాళం వేశాను. పేపరు కొనుక్కురావడానికి కూడా ఒక్కణ్ణీ పంపలేదు. మూడున్నరేళ్ళు. ఒక్కసారి ఎదురుచెప్పలేదు మనిషి. నువ్వే కరెక్టులే, అనేవాడు."

ఒళ్ళో చొక్కా నా వైపు తిప్పింది. జేబు లోపలి వైపు నల్లదారంతో పది అంకెలు కుట్టి ఉన్నాయి. ఆవిడ ఫోను నంబరు. అన్ని చొక్కాలకూ ఉంది. తప్పిపోతే ఎవరైనా చూసి ఫోను చేస్తారని.

"నేనే కుట్టాను," అంది. "ఆయన ఎదురుగా కూర్చుని దారం ఎక్కించి ఇచ్చేవాడు."

"పిన్నీ, నన్ను..." అన్నాను.

"అది అడగబాక. అది ఇవ్వాల్సింది నేను కాదు, ఇవ్వాల్సినాయన లేడు." గొంతు పెంచలేదు. "భోజనాల దగ్గర మతి తప్పిందని అన్నారుగా. నేనూ విన్నాను, వడ్డించేవాళ్ళ వెనకాలే ఉన్నాను. వాళ్ళకి చెప్పు. నలుగురికీ తెలిసేలా చెప్పు."

"రాస్తాను," అన్నాను.

"రాయి. రాసేటప్పుడు నన్ను మంచిదాన్ని చేసి రాయబాక. ముప్పై ఎనిమిదేళ్ళు కాపరం చేశాను. పెళ్ళయిన కాడ్నుంచి ఆ మనిషి ఉప్పు డబ్బా తీసిన చోట కాకుండా ఇంకోచోట పెట్టి ఎరగడు. అది తెలిసి కూడా, మతి పోయిందంటే నేనూ నమ్మాను. అది కూడా రాయి."

రాశాను. ఆ ఆదివారం పొద్దున బాబాయి సంచిలో ఉండాల్సినవన్నీ ఆయన పెట్టాడు. ఆయన ఏదీ మర్చిపోలేదు. ఆ రోజూ మర్చిపోలేదు, ఆ తర్వాతా మర్చిపోలేదు.

లేచి వెళ్ళిపోదామని తిరిగాను. "ఎక్కడికి?" అంది పిన్ని. దొంతరలోంచి సగం చొక్కాలు తీసి చాపకు ఇవతల పెట్టింది. డబ్బాలోంచి ఇంకో బ్లేడు తీసి వాటిమీద పెట్టింది.

"కూర్చో. దారం పట్టుకుని లాగబాక, గుడ్డ చిరుగుతుంది. ఒక్కొక్క కుట్టూ తెంపాలి."

కూర్చున్నాను.